'లేయర్ 3' అన్న మాట నమ్మి సెకండ్‌హ్యాండ్ స్విచ్ కొనేవారికి హెచ్చరిక

సిస్కో వారి నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏకు ఇంట్లోనే సాధన చేసుకుందామని సెకండ్‌హ్యాండ్ నెట్‌వర్క్ స్విచ్ కొనే ఆలోచనలో ఉన్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి. 'లేయర్ 3 స్విచ్, వీల్యాన్‌ల మధ్య రౌటింగ్ చేస్తుంది' అని ప్రకటనలో స్పష్టంగా రాసి, ఆ పని చేయలేని స్విచ్‌ను నాకు అంటగట్టారు. పోయిన డబ్బు కంటే, మూడు వారాల పాటు తప్పంతా నాదేనని నమ్మి కూర్చోవడమే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడిగా కట్టుకున్న ఒక నెట్‌వర్క్. లేయర్ 2 స్విచ్ ఒక వీల్యాన్ లోపలే డేటాను చేరవేస్తుంది, లేయర్ 3 స్విచ్ ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు కూడా పంపుతుంది, అదే రౌటింగ్. ఒక వీల్యాన్‌లోని కంప్యూటర్ మరో వీల్యాన్‌లోని కంప్యూటర్‌ను చేరాలంటే మధ్యలో రౌటింగ్ చేసే పరికరం ఉండి తీరాలి. రౌటర్‌కు ఒక ట్రంక్ (అనేక వీల్యాన్‌లను ఒకే కేబుల్ మీద మోసే లింకు) లాగి, ఒక్కో వీల్యాన్‌కు ఒక్కో సబ్‌ఇంటర్‌ఫేస్ (అదే పోర్టులో ఒక ఉపభాగం) పెట్టుకోవడం ఒక పద్ధతి. స్విచ్‌కే ఆ శక్తి ఉంటే, ప్రతి వీల్యాన్‌కూ ఒక వర్చువల్ ఇంటర్‌ఫేస్ (స్విచ్ లోపలే ఉండే ఊహా పోర్టు) సృష్టించి 'ఐపీ రౌటింగ్' అని ఆదేశం ఇస్తే చాలు. ఈ రెండో పద్ధతిని నిజమైన పరికరం మీద చేసి నేర్చుకోవాలనే ఆ స్విచ్ కొన్నాను. సీసీఎన్ఏ (200-301) పరీక్ష పాఠ్యాంశాల్లో వీల్యాన్‌ల మధ్య అనుసంధానం కూడా ఉంది కాబట్టి దాన్ని పైపైన చదివి వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండు వీల్యాన్‌లు పెట్టాను, 10, 20. ఒకదానికి 192.168.10.1, రెండోదానికి 192.168.20.1 గేట్‌వేలు, అంటే వీల్యాన్ నుంచి బయటికి వెళ్లే దారులు. రెండు కంప్యూటర్లు, రెండు కేబుళ్లు. వీల్యాన్ 10లోని కంప్యూటర్ నుంచి దాని గేట్‌వేకు పింగ్ (జవాబు కోరుతూ పంపే పరీక్ష సందేశం) చక్కగా వెళ్తోంది. అవతలి వీల్యాన్‌లోని కంప్యూటర్‌కు మాత్రం ఒక్క జవాబూ రాదు.

నేర్చుకుంటున్నవాడికి ఇలాంటప్పుడు పరికరం మీద అనుమానం రాదు. మొదట నన్నే అనుమానించుకున్నాను. పోర్టులు సరైన వీల్యాన్‌లో ఉన్నాయో లేదో 'షో వీల్యాన్ బ్రీఫ్'తో చూశాను, ఉన్నాయి. 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్'లో వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు పైకి లేచే ఉన్నాయి. కంప్యూటర్లలో గేట్‌వే చిరునామాలు సరిగ్గానే ఉన్నాయి. రెండో కంప్యూటర్‌లో విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుంటోందని మూడో రోజు తెలిసింది. రెండింటినీ ఒకే వీల్యాన్‌లో పెట్టినప్పుడు కూడా పింగ్ రాకపోవడంతో అది బయటపడింది. ఆ తప్పు నిజంగా నాదే. దాన్ని సరిచేసి, ఇక అంతా అయిపోయిందని సంబరపడ్డాను. వీల్యాన్‌లు వేరు చేయగానే మళ్లీ మొదటికి వచ్చింది.

'ఐపీ రౌటింగ్' అని కొడితే స్విచ్ దాన్ని చెల్లని ఆదేశమని తిప్పికొట్టింది. ట్రంక్ పాఠంలో చెప్పినట్లు ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ (ట్రంక్ మీద వీల్యాన్ ట్యాగులు వేసే పద్ధతిని ఎంచుకునే ఆదేశం) అని ఇస్తే అదీ తిరస్కరించింది. ఈ రెండూ కలిపి చూస్తే అనుభవం ఉన్నవారికి విషయం అక్కడికక్కడే అర్థమైపోతుంది. నేను మాత్రం ఏదో తప్పు మోడ్‌లో ఉన్నాననుకున్నాను. అమ్మిన వ్యక్తికి రాస్తే, 'స్విచ్ బాగానే ఉంది, మీ కాన్ఫిగరేషన్‌లోనే లోపం, ఇంకొంచెం చదవండి' అని జవాబు వచ్చింది. ఆ మాటను నేను నమ్మాను. ఇప్పటికీ నాకు కోపం తెప్పించేది ఆ జవాబే. ఎదుటివాడు విద్యార్థి అని తెలిసి, అతనికి తన మీద తనకున్న అనుమానాన్నే ఆసరా చేసుకున్నారు.

చివరికి ప్యాకెట్ ట్రేసర్ నన్ను గట్టెక్కించింది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ఉచితంగా దొరికే ఆ అనుకరణ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ 3 మోడల్ అయిన 3560 స్విచ్‌ను పెట్టి, అవే వీల్యాన్‌లు, అవే చిరునామాలు, అవే ఆదేశాలు ఒక్కొక్కటిగా ఇచ్చాను. 'ఐపీ రౌటింగ్'ను మారుమాట లేకుండా తీసుకుంది. పింగ్ వెళ్లింది. అంటే నేను నేర్చుకున్నదాంట్లో లోపం లేదు.

అప్పుడు స్విచ్‌ను తిరగేసి చూశాను. మోడల్ సంఖ్య ఉన్న చీటీ మీద ఆస్తి సంఖ్య రాసిన మరో చీటీ అంటించి ఉంది, ఏదో పాత కార్యాలయానిదై ఉంటుంది. గోటితో మెల్లగా గీకి తీస్తే కింద డబ్ల్యూఎస్-సీ2960-24టీసీ-ఎస్ అని కనిపించింది. ఆ చివరి 'ఎస్' అక్షరంలోనే అసలు సంగతి ఉంది. క్యాటలిస్ట్ 2960 లేయర్ 2 స్విచ్. 'ఎల్'తో ముగిసే మోడల్‌లో ల్యాన్ బేస్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, 12.2(55)ఎస్ఈ వెర్షన్ నుంచి దాని మీద ఎస్‌డీఎమ్ టెంప్లేట్ (స్విచ్ మెమరీని ఏ పనికి ఎంత పంచాలో చెప్పే అమరిక) మార్చి రీలోడ్ చేస్తే స్టాటిక్ రౌటింగ్ పరిమితంగా, 16 రూట్ల వరకు, వస్తుంది. 'ఎస్'తో ముగిసేది ల్యాన్ లైట్. దానిలో ఆ కాస్త వీలు కూడా లేదు. 'షో వెర్షన్' కొట్టి చూస్తే ఇమేజ్ (స్విచ్ సాఫ్ట్‌వేర్) ఫైలు పేరులోనే 'ల్యాన్‌లైట్' అని ఉంది. మొదటి రోజే ఆ ఆదేశం ఇచ్చాను, కానీ ఆ పేరులో ఏముందో చూడాలని నాకు తెలియలేదు.

స్విచ్ తయారీదారు తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ స్విచ్ దేనికోసం తయారైందో ఆ పని నిక్షేపంగా చేస్తోంది. లేని గుణాన్ని ప్రకటనలో రాసినవారిదే మోసం. ఫొటోలతో సహా మళ్లీ రాస్తే, వాపసు గడువు ఏడు రోజులేనని, అది ఎప్పుడో దాటిపోయిందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ ఏడు రోజులూ నేను ఫైర్‌వాల్‌తోనూ నాతోనూ కుస్తీ పడుతూ ఉన్నాను.

కాబట్టి కొనే ముందు అమ్మేవారిని 'షో వెర్షన్' మొత్తం అవుట్‌పుట్ ఫొటో తీసి పంపమనండి. మోడల్ సంఖ్య చివరి అక్షరం వరకు కనిపించాలి, ఇమేజ్ ఫైలు పేరు చదవగలిగేలా ఉండాలి. వీలైతే కాన్ఫిగరేషన్ మోడ్‌లో 'ఐపీ రౌటింగ్' ఇచ్చిన తెర కూడా అడగండి. స్విచ్‌ను కంప్యూటర్‌కు కలిపే కన్సోల్ కేబుల్ లేదని, స్విచ్ ఆన్ చేసే తీరిక లేదని సాకులు చెబితే అక్కడితో వదిలేయండి. వీల్యాన్‌ల మధ్య రౌటింగ్ కోసమే కొంటుంటే 3560, 3750 వంటి నిజమైన లేయర్ 3 మోడళ్లే చూడండి. వాటిలోనూ రౌటింగ్‌ను ఆ ఆదేశంతో మీరే మొదలుపెట్టాలి, ట్రంక్‌కు ఎన్‌క్యాప్సులేషన్ ముందుగా చెప్పాలి. అది లోపమనుకుని కంగారు పడకండి.

పెట్టె చేతికి రాగానే, మిగతా సాధన పక్కన పెట్టి, ఆ ఒక్క 'ఐపీ రౌటింగ్' ఆదేశం ఆ రోజే పరీక్షించండి. గడువు లెక్క మొదలయ్యేది ఆ రోజు నుంచే.

ఇంకొక్క మాట. వాడిన స్విచ్‌లో పాత యజమాని వీల్యాన్‌లు మిగిలి ఉండవచ్చు. నా దానిలో ఏకంగా పదకొండు ఉన్నాయి, పేర్లతో సహా. స్టార్టప్ కాన్ఫిగరేషన్ చెరిపేసినా అవి పోవు, ఎందుకంటే అవి ఫ్లాష్‌లో వీల్యాన్.డాట్ (vlan.dat) అనే వేరే ఫైలులో ఉంటాయి. దాన్ని విడిగా తీసేసి రీలోడ్ చేయాలి. అలా చేయకుండా మీ మరో స్విచ్‌కు ట్రంక్ కలిపితే, వీటీపీ (స్విచ్‌ల మధ్య వీల్యాన్ జాబితాను పంచే పద్ధతి) డొమైన్ పేరు ఒకటే అయి దీని రివిజన్ సంఖ్య ఎక్కువగా ఉంటే, మీరు కష్టపడి పెట్టుకున్న వీల్యాన్‌లు చెరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పటికే నాలా మోసపోయినవారు ఆ స్విచ్‌ను మూలన పడేయకండి. ఒక మిత్రుడి పాత రౌటర్ అరువు తెచ్చుకుని, రౌటర్‌కు ట్రంక్ లాగే మొదటి పద్ధతిలో ప్రయత్నించాను. స్విచ్ వైపు పోర్టును ట్రంక్ మోడ్‌లో పెట్టాను. 2960కి డాట్1క్యూ తప్ప మరొకటి తెలియదు కాబట్టి అంతకు మించి చెప్పనక్కరలేదు. రౌటర్ మీద రెండు సబ్‌ఇంటర్‌ఫేస్‌లు, ఒక్కోదానికి డాట్1క్యూ 10, 20 ట్యాగులు, గేట్‌వే చిరునామాలు. అసలు ఇంటర్‌ఫేస్‌కు 'నో షట్‌డౌన్' (పోర్టును పని చేయించే ఆదేశం) ఇవ్వడం మరవకండి. పాత గేట్‌వే చిరునామాలను స్విచ్ మీద నుంచి తీసేయడం కూడా మరవకండి, లేకపోతే ఒకే చిరునామా రెండు చోట్ల ఉండి గొడవ పడతాయి.

విండోస్ నుంచి పింగ్ ఇస్తే నాలుగింటిలో మొదటిది గడువు దాటింది, రౌటర్ ఏఆర్‌పీతో (ఐపీ చిరునామాకు తగిన హార్డ్‌వేర్ చిరునామాను కనుక్కునే పద్ధతి) అవతలి చిరునామా వెతుక్కునే లోపల అది పోయింది. తర్వాతి మూడింటికీ జవాబులు వచ్చాయి. ఒకే వీల్యాన్‌లో ఉన్నప్పుడు 128గా కనిపించిన టీటీఎల్ (రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే సంఖ్య) ఈసారి 127.