పోకర్‌లో రెండు–నాలుగు లెక్క: చాలాకాలం వాడాక చెబుతున్నా

మా కావలిలో పేకాట అంటే రమ్మీనే. పదమూడు ముక్కలు, జోకరు, డ్రాపు, కౌంటు. రమ్మీలో ముక్క కోసం ఆగితే ఎంత పోయిందో ఆట అయ్యాక కౌంటులో తేలుతుంది. పోకర్‌లో అలా కాదు, తర్వాతి ముక్క చూడాలంటే అప్పటికప్పుడు కట్టాలి. ఆ కట్టేది గిట్టుబాటో కాదో చెప్పేదే పాట్ ఆడ్స్. రమ్మీ నుంచి వచ్చినవాళ్లకి తలకెక్కడానికి టైమ్ పట్టేది కూడా ఇదే. దానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్నది రెండు–నాలుగు లెక్క. కాగితం అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు.

ముందే ఒక మాట. మేం ఆడేది చింతపిక్కలతో. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్లని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కాబట్టి దీంతో సంపాదించొచ్చా అని అడిగేవాళ్లకి ఇక్కడేమీ దొరకదు. మాలో ఓడినవాడు వచ్చే ఆదివారం మలైకాజా తేవాలి, అంతే.

మేం ఆడే పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి ముందు మూడు ముక్కలు పరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, అది టర్న్. చివర ఇంకొకటి. ఇక పద్ధతి ఇదీ. మన చేతిని గెలిపించే ముక్కలు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. వాటినే అవుట్స్ అంటారు. ఒక్క ముక్కే చూస్తామనుకుంటే ఆ సంఖ్యని 2తో, రెండు ముక్కలూ ఖాయంగా చూస్తామనుకుంటే 4తో హెచ్చించాలి. వచ్చేది సుమారుగా మన గెలుపు శాతం. ఇంకోపక్క, మనం కట్టాల్సినదాన్ని, అది కూడా కలిపిన మొత్తం పాట్‌తో (బల్ల మధ్య పోగైన పిక్కలు) భాగిస్తే మనకి కావాల్సిన శాతం వస్తుంది. ఎదుటివాడు పాట్‌లో సగమంత పందెం కొడితే 25 శాతం కావాలి. పాట్ మొత్తం కొడితే 33. ఈ రెండు అంకెలు నోటికొస్తే చాలావరకు పని జరిగిపోతుంది.

లెక్క ఎంత కచ్చితం అంటే, బల్ల మీద ఆడేవాడికి సరిపోయేంత. ఫ్లాప్ మీద ఫ్లష్‌కి (ఒకే గుర్తు ముక్కలు ఐదు) ఒక ముక్క తక్కువైతే 9 అవుట్స్. లెక్క 36 అంటుంది, అసలు 35. రెండువైపులా తెరిచి ఉన్న స్ట్రెయిట్‌కి (వరస ముక్కలు ఐదు) 8 అవుట్స్. లెక్క 32, అసలు 31.5. మధ్యలో ఒకే ముక్క కావాల్సిన స్ట్రెయిట్‌కి 4 అవుట్స్. లెక్క 16, అసలు 16.5. అవుట్స్ బాగా ఎక్కువైనప్పుడు మాత్రం తేడా కొడుతుంది. 15 అవుట్స్‌కి 60 అని చెబుతుంది, నిజానికి 54. దానికో చిట్కా ఉంది. అవుట్స్ 8 దాటితే, ఎన్ని దాటాయో అన్ని తీసేయాలి. 60లోంచి 7 పోతే 53. ఇంటికెళ్లి ఫోన్‌లో యాప్ పెట్టి సరిచూసుకున్నా ఇంతకంటే కొత్తగా తెలిసేది పెద్దగా ఏమీ లేదు. అందుకే యాప్ వాడటం దాదాపు మానేశాను.

నాకున్న అసలు అభ్యంతరం నాలుగు మీదే. ఈ పద్ధతి నేర్పేవాళ్లు దాన్ని మరీ తేలిగ్గా చేతికిస్తారు. మా బల్ల దగ్గర పడిన ఒక చెయ్యి చెబుతా. రొయ్యల గుంటలు చూసుకునే మా తమ్ముడు వరసైన అబ్బాయి చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు 7. ఫ్లాప్‌లో ఇస్పేటు రాణి, ఇస్పేటు 4, డైమండ్ 9. పాట్‌లో 80 పిక్కలు, అవతలివాడు 40 కొట్టాడు.

“ముప్పయ్యారు శాతం ఉంది గదన్నా, కావాల్సింది ఇరవయ్యైదే. కాల్ కొట్టకుండా ఎట్టా?” అన్నాడు. కాల్ అంటే అవతలివాడు కొట్టినంత మనమూ కట్టడం.

“టర్న్‌లో వాడు మళ్లా కొడితే ఏం చేస్తావబ్బా?” అన్నాను.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ 36 శాతం రెండు ముక్కలూ చూస్తే వచ్చేది. కడుతున్న 40 మాత్రం ఒక్క ముక్కకే. ఆ ఒక్క ముక్కకి మన వాటా 19 శాతం. ఆల్-ఇన్ అయిపోయి, అంటే ఉన్న పిక్కలన్నీ పెట్టేసి, ఇంకా కట్టేది లేనప్పుడే నాలుగు న్యాయం. మిగతా అన్నిచోట్లా రెండే.

అలాగని ఆ కాల్ తప్పని కాదు. 19 శాతానికి 40 కట్టాలంటే గెలిచినప్పుడు దాదాపు 170 రావాలి. పాట్‌లో అప్పటికే 120 ఉన్నాయి. అంటే ఇస్పేటు పడ్డాక అవతలివాడి దగ్గర సగటున ఇంకో 50 రాబట్టగలిగితే గిట్టుతుంది. మా బల్ల మీద అది కష్టమేమీ కాదు. పోయేది పిక్కలే కదా అని ఎవడూ ముక్కలు పడేయడు! అందుకే మా దగ్గర బ్లఫ్ (చేతిలో ఏమీ లేకుండా బెదిరించి కొట్టడం) చచ్చినా పారదు, డ్రా తగిలితే, అంటే ఎదురుచూస్తున్న ముక్క పడితే, మాత్రం పంటే. మా ఆటలో ఈ లెక్క ఇంత బాగా పనిచేయడానికి సగం కారణం ఇదే. ఊరికే కాల్ కొట్టని గట్టివాళ్లతో ఆడేవాళ్లు ఆ 50ని నమ్ముకోకూడదు.

రెండో ఇబ్బంది అవుట్స్ ఎంచడంలో. గుణకారం ఎవడైనా చేస్తాడు. ఏ ముక్క మనది, ఏది కాదు అన్నది లెక్క చెప్పదు. అదే చేతిలో అవతలివాడి దగ్గర ఒట్టి రాణి జత ఉందనుకుంటే మిగిలిన మూడు ఆసులూ మనవే, మొత్తం 12. అదే వాడి దగ్గర ఆసు, రాణి ఉంటే ఆ ఆసులు మనల్ని ముంచుతాయి. వాడు చేతిలో రెండు రాణులు పట్టుకుని కూర్చుంటే, మనకి ఫ్లష్ ఇచ్చే ఇస్పేటు 9 వాడికి ఫ్లష్‌ని ఓడించే ఫుల్ హౌస్ ఇస్తుంది. నేను ఆసుల్ని సగానికే లెక్కేస్తాను. మూడు ఉంటే ఒకటో, ఒకటిన్నరో. శాస్త్రం కాదు గానీ మూడూ కలుపుకోవడం కంటే నయం.

బల్ల మీద నలుగురైదుగురు పాట్‌లో ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాట్ పెరిగి ధర చౌకగా కనిపిస్తుంది, కానీ చిన్న ఫ్లష్ తగిలినా పెద్దది ఎవడి దగ్గరో ఉండే అవకాశమూ పెరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి పనికొచ్చే పద్ధతిగా ఈ లెక్కకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. మొదటి కొన్ని వారాలు 4ని పూర్తిగా మరిచిపోయి, 2తోనే ఆడమంటాను. మా తమ్ముడు ఇప్పుడు అలాగే ఆడుతున్నాడు. టర్న్‌లో పాట్ మొత్తం కొడితే, 9 అవుట్స్ చేతిలో ఉన్నా, మొహం మాడ్చుకునైనా సరే పడేస్తున్నాడు.