ఓఆర్ఆర్ ట్రాక్, మన వీధిలో సైకిల్ దారి: ముందు ఏది అడగాలి?

హైదరాబాద్ ఓఆర్ఆర్ (నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ నిజంగా బాగుంటుంది. పైన సోలార్ పలకల నీడ, కార్ల బెడద లేదు. ఆదివారం పొద్దున్నే వ్యాయామానికి హాయిగా వెళ్లొచ్చు. కానీ హ్యాండిల్‌కి సంచి తగిలించుకుని కూరగాయలకు వెళ్లే మనిషికి, ట్యూషన్‌కి వెళ్లే పిల్లకి అది ఎక్కడో దూరం.

వాళ్లకి కావాల్సింది ఇంటి ముందు రోడ్డు మీద దారి. ఉత్త రంగు గీత చాలదు. గీత మీద ఆటో ఆగిందంటే, పిల్ల దాన్ని తప్పించుకుని బస్సుల మధ్యకి రావాల్సిందే. చూస్తుంటే గుండె ఝల్లుమంటుంది. జానెడు ఎత్తు సిమెంటు దిమ్మెలు అడ్డం ఉంటే ఆ టెన్షన్ తగ్గుతుంది. ఖర్చు ఎక్కువే, కాలువ మూతలూ సరిచేయించాలి. అయినా మున్సిపాలిటీకి అర్జీ పెడితే నేను ముందు బడి చుట్టూ ఒక్క కిలోమీటరు దిమ్మెల దారే అడుగుతాను.