ఇంట్లో చేసుకునే హెచ్ఐవీ కిట్, 5కి 3 స్టార్లు
ఆన్‌లైన్‌లో తెప్పించా, కంపెనీ పేరొద్దులే. డబ్బా మీద ఏం రాయకుండా పంపారు, అది మాత్రం సూపర్, మా వీధి కొరియర్ అబ్బాయికి అందరి సంగతులూ కావాలి మరి. వేలికి సూది గుచ్చి చుక్క రక్తం వేసి 20 నిమిషాలు ఆ గీతనే చూస్తూ కూర్చున్నా, సీ అనే అక్షరం దగ్గర ఒక్క గీతే వచ్చింది, అంటే నెగెటివ్, హమ్మయ్య. కానీ కాగితమంతా ఇంగ్లీషే, రెండు గీతలొస్తే, అంటే పాజిటివ్ అని చూపిస్తే, మా అమ్మలాంటిది ఏం చేస్తుంది? హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి అని ఒక్క ముక్క తెలుగులో వేస్తే ఏం పోయింది వీళ్లకి. రెండొచ్చినా అదే ఫైనల్ కాదు, సర్కారు ఆస్పత్రిలో ఐసీటీసీ అని హెచ్ఐవీ టెస్టింగ్ సెంటర్ ఉంటుంది, అక్కడ ఫ్రీగా మళ్లీ చేస్తారు, కౌన్సెలింగూ ఇస్తారు. రిస్క్ జరిగి 3 నెలలు కాకపోతే నెగెటివ్ నమ్మొద్దు. ఫ్రెండొకడు, పెళ్లికూతురికి తెలీకుండా ఆమెకి టెస్ట్ చేసేద్దాం రా, ఇంకో కిట్టుంటే ఇవ్వు అన్నాడు. ఒప్పుకోకుండా టెస్ట్ చెయ్యకూడదని 2017 హెచ్ఐవీ చట్టమే ఉందిరా అని చెప్పి ఇవ్వలేదు.