ఇంటి ముందు ఆర్‌వీ పెట్టనివ్వరు, మరి ఎక్కడ పెట్టాలి? మా కవర్డ్ స్టోరేజ్ రివ్యూ

డాలస్ ఉత్తరం వైపు, అంటే ఫ్రిస్కో, ప్రాస్పర్ చుట్టుపక్కల ఉంటూ ఆర్‌వీ (లోపలే పడకలు, వంటగది ఉండే బండి) కొందామనుకుంటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నా. మేం ఏడాది పైనుంచి బండి పెడుతున్న కవర్డ్ స్టోరేజ్, అంటే పైన కప్పున్న అద్దె పార్కింగ్ చోటు గురించి ఇది. పేరు రాయట్లేదు, ఈ చుట్టుపక్కల ఇలాంటివి చాలానే ఉన్నాయి, ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు. ఒక్క ముక్కలో చెప్పాలంటే పెట్టిన డబ్బులకి తగ్గ చోటే, కాకపోతే బండి కొన్నాక వెతుక్కుంటే కుదరదు, కవర్ కింద స్లాట్లకి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, కొనకముందే మాట్లాడి పెట్టుకోండి.

ముందు రూల్స్ సంగతి, ఎందుకంటే అసలు స్టోరేజ్ అవసరం పడేదే అందువల్ల. చాలామంది సిటీ రూల్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) రూల్ ఒకటే అనుకుంటారు, కాదు. సిటీ వాళ్ళు ఎక్కువగా చూసేది వీధిలో ఎంతసేపు ఆపారు, సిమెంటు మీద ఉందా గడ్డి మీద ఉందా, నడిచే దారికి అడ్డమొచ్చిందా, లోపల ఎవరన్నా కాపురం ఉంటున్నారా అని, అది కూడా ఊరిని బట్టి మారిపోతుంది. హెచ్‌ఓఏది ఇంకో లెక్క. మా దాంట్లోనైతే బండి వీధిలోంచి కనపడకూడదు, సామాను ఎక్కించుకోడానికి దించుకోడానికి మాత్రం 48 గంటలు ఉంచుకోవచ్చు. సిటీ సరేనన్నా హెచ్‌ఓఏ వద్దంటే వద్దే, ఇంటితో పాటే వచ్చిన డీడ్ రిస్ట్రిక్షన్స్ (ఇంటి దస్తావేజుతో ముడిపడ్డ షరతులు) అవి.

జరిమానా అనగానే భయపడక్కర్లేదు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ ప్రకారం ఇలాంటివాటికి ఫైన్ వేసేముందు హెచ్‌ఓఏ సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) నోటీసు పంపాలి, సరిచేసుకోడానికి తగినంత టైం ఇవ్వాలి, మీరు 30 రోజుల్లోపు హియరింగ్, అంటే మీ వాదన వినమని అడగొచ్చు. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది, అలాంటి తప్పుకే గత 6 నెలల్లో ఒకసారి నోటీసిచ్చి టైం ఇచ్చి ఉంటే రెండోసారి మళ్ళీ టైం ఇవ్వాల్సిన పని లేదు. అంటే ప్రతి ట్రిప్పుకీ ఒక రోజు అటూ ఇటూ ఉంచేద్దాం, ఉత్తరం వచ్చాక చూద్దాంలే అనే ఆట మొదటిసారికే అయిపోతుంది.

ఇక స్టోరేజ్. మాది క్లాస్ సి (వ్యాన్ చట్రం మీద కట్టిన ఆర్‌వీ) బండి, స్లాట్ 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, పైన రేకుల కప్పు, మూడు పక్కలా ఓపెన్. కప్పు లేని ఓపెన్ లాట్ అద్దె దాదాపు సగమే, అయినా నేను మాత్రం కవర్డే తీసుకోమంటా. మన దగ్గర మార్చి నుంచి మే దాకా వడగళ్ళు ఎలా పడతాయో తెలుసు కదా, కారుకైతే గరాజ్ ఉంది, ఆర్‌వీ పైన వెంట్ మూతలు, స్కైలైటు, ఏసీ కవర్ అన్నీ ప్లాస్టిక్కే, ఒక్క వానకి పగిలిపోతే తర్వాత లోపలికి నీళ్ళు దిగి చెక్కంతా నానిపోతుంది, ఆ రిపేరు ముందు అద్దె తేడా ఒక లెక్కా. వడగళ్ళు లేకపోయినా ఎండకి పైకప్పు అంచుల్లో పూసిన సీలెంట్ బీటలు వారుతుంది, మా దానికి ఈ ఏడాది నిచ్చెనేసి చూస్తే ఎక్కడా గీత కూడా లేదు.

నాకు బాగా నచ్చింది గేటు. ఫోన్లో కోడ్ కొడితే రాత్రి పగలు ఎప్పుడైనా తీస్తుంది. 48 గంటల రూలుతో బతికేవాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం, ఆదివారం రాత్రి పదకొండింటికి బిగ్ బెండ్ నేషనల్ పార్కు నుంచి వస్తే నేరుగా ఇక్కడే పెట్టేసి కార్లో ఇంటికెళ్ళిపోవచ్చు. సాయంత్రం ఆరింటికి గేటు మూసేసే చోట్లు కూడా చూశాం, వాటికన్నా ఇది ఎంతో నయం. వరసల మధ్య దారి కూడా వెడల్పుగా ఉంది, మొదటిసారి రివర్స్ చేస్తుంటే మేనేజరు టార్చిలైటు పట్టుకుని వెనకాల నిలబడి, స్తంభానికి జానెడు దూరంలో ఆపించి, స్టీరింగ్ ఎటు తిప్పాలో ఓపిగ్గా చెప్పాడు. డంప్ స్టేషన్ (బండిలోని మురుగునీళ్ళ ట్యాంకులు ఖాళీ చేసే చోటు) లోపలే ఉంది, మంచినీళ్ళ పైపు, టైర్లకి గాలి ఫ్రీ.

నచ్చనివీ ఉన్నాయి. కరెంటు ప్లగ్గు 15 ఆంప్సే, బ్యాటరీ చార్జరుకి సరిపోతుంది, ముందురోజే ఫ్రిజ్ చల్లబరచుకోవచ్చు, ఏసీ మాత్రం వేయలేం, జులైలో లోపల సామాను సర్దాలంటే చెమటతో తడిసిపోతాం. మా స్లాట్ పడమర ముఖం, పైన కప్పున్నా సాయంత్రం ఎండ ముందు టైర్ల మీదే పడుతుంది, టైర్ కవర్లు కొనాల్సొచ్చింది. మొదటి ఏడాది అవగానే అద్దె పెంచుతూ ఈమెయిల్ పెట్టారు, ముందుగా ఒక్క మాట చెప్పుంటే బాగుండేది.

లీజు పూర్తిగా చదవండి. తిండి పదార్థం ఏదీ బండిలో వదలకూడదని ఉంటుంది, ఎలుకలొస్తాయని. మనకిది మామూలు విషయం కాదు, మేం ఆర్‌వీ తీసుకుందే ఒంగోలు నుంచి వచ్చే అత్తయ్యగారు బయట తిండి తినరని, ఆవిడకి ట్రిప్పులో కూడా పొద్దున్నే పప్పు, చారు పడాల్సిందే, కాబట్టి బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసాతో సహా ప్రతిసారీ ఇంటికి మోస్తాం, సీట్ల సందుల్లో వాక్యూమ్ పెడతాం. ఇంకోటి, బండి పేరులో 24 అని ఉందని 24 అడుగులనుకోకండి, నిచ్చెన, సైకిళ్ళ రాక్ కలిపి టేపుతో కొలిచి అప్పుడు స్లాట్ తీసుకోండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇదంతా ఇంకా కష్టం. అక్కడ చాలా ఊళ్ళలో వీధిలో బండి కదలకుండా 72 గంటలు దాటితే సిటీ వాళ్ళు టో చేసి తీసుకుపోవచ్చు, మౌంటెన్ వ్యూలోనైతే 2020 నవంబర్లో ఓటింగ్ పెట్టి 40 అడుగులు, అంతకన్నా తక్కువ వెడల్పున్న వీధుల్లో పెద్ద బండ్లు ఆపకూడదని తేల్చారు. అద్దెలు కట్టలేక ఆర్‌వీల్లోనే బతికేవాళ్ళ మీద పడ్డ రూల్ అది, సరదాకి కొనుక్కున్న మన బాధతో దాన్ని కలపకూడదు.

మొత్తానికి ఐదుకి నాలుగు ఇస్తా. లీజు రెన్యూ చేస్తున్నాం, తూర్పు వైపు స్లాట్ ఖాళీ అయితే మాకే ఇమ్మని మేనేజరుకి చెప్పి పెట్టాం.