రెండు బుక్‌మార్కులతో చదవాల్సిన పుస్తకం

1955లో ఆక్స్‌ఫర్డ్ వేసిన ఆల్‌ఫ్రెడ్ గియోమ్ ఇంగ్లీషు అనువాదం ‘ది లైఫ్ ఆఫ్ ముహమ్మద్’ రెండు నెలలు పట్టి చదివాను. ప్రవక్త 632లో కన్నుమూశారు. మదీనాలో పుట్టిన ఇబ్న్ ఇస్‌హాక్ అరబీలో ఈ జీవితకథ కూర్చింది శతాబ్దం దాటాక. ఎవరి నోట విన్నదో చెబుతూ వెళతారు, నమ్మకం కుదరనిచోట ‘అసలు సంగతి దేవుడికే తెలుసు’ అంటారు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది. ఆయన మూలప్రతి మిగల్లేదు. శిష్యుడు బక్కాయీ ద్వారా అందినదాన్ని తర్వాతి పండితుడు ఇబ్న్ హిషామ్ కుదించారు. కొన్ని సంగతులు, పద్యాలు వదిలేశానని తనే చెప్పుకున్నారు. చరిత్రకారుడు తబరీ రచనలో నిలిచిన ముక్కల్ని గియోమ్ మళ్లీ వాటి చోట చేర్చారు. ఇబ్బందల్లా ఇబ్న్ హిషామ్ నోట్స్ పుస్తకం చివర్లో ఉండటం. మాటిమాటికీ వెనక్కి తిప్పాలి. అయినా తిప్పండి, వదలొద్దు.