జీపార్టెడ్: తొలగించిన పార్టిషన్ల చోటును సి డ్రైవ్‌కు చేర్చిన విధం

ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకుని, కొంతకాలానికి ఒకదాన్ని వదిలేసినవారికి ఈ చిక్కు బాగా తెలుసు. లినక్స్ పార్టిషన్లను, అంటే దానికోసం డిస్క్‌లో విడగొట్టిన భాగాలను, తొలగించిన తరువాత డిస్క్‌లో వందల జీబీల చోటు ఖాళీ కావాలి. కానీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే సి డ్రైవ్ ఎప్పటిలాగే ఎర్రగీతతో నిండిపోయి కనిపిస్తుంది, తొలగించిన చోటు జాడ మాత్రం ఎక్కడా ఉండదు. నా ల్యాప్‌టాప్‌లో ఇదే పరిస్థితి వచ్చినప్పుడు జీపార్టెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ చోటును తిరిగి వాడుకలోకి తెచ్చుకున్నాను.

నిజానికి ఆ చోటు ఎక్కడికీ పోదు. పార్టిషన్‌ను తొలగించడమంటే డిస్క్ మొదట్లో ఉండే పార్టిషన్ టేబుల్‌లో దాని పద్దు కొట్టివేయడమే. ఆ తరువాత అది ఎవరి పేరా లేని నేలగా, విండోస్ భాషలో అన్‌అలొకేటెడ్‌గా మిగులుతుంది. అది ఏ పార్టిషన్‌లోనూ లేదు కనుక డ్రైవ్ అక్షరం రాదు, అక్షరం లేదు కనుక ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. (1 టీబీ అని పెట్టె మీద రాసిన డిస్క్‌ను విండోస్ 931 జీబీగా చూపడం వేరే సంగతి. తయారీదారు వెయ్యితో గుణిస్తాడు, విండోస్ 1,024తో భాగిస్తుంది. ఆ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు.)

అసలు జీపార్టెడ్ అవసరం ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామందికి విండోస్‌లోనే ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్ సరిపోతుంది. ఖాళీ చోటు మీరు పెంచదలచిన డ్రైవ్‌కు వెంటనే కుడిపక్కన ఉంటే, ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కగానే కొన్ని క్షణాల్లో పని ముగుస్తుంది. అయితే గట్టు తీసి కలపగలిగేది పక్క మడినే కదా. మధ్యలో మరో మడి ఉంటే ఈ సాధనం చేతులెత్తేస్తుంది, ఎక్స్‌టెండ్ అన్న మాట బూడిదరంగులో నిలిచిపోతుంది. డేటా డ్రైవ్‌ల విషయంలో కొన్నిసార్లు అంతకంటే ప్రమాదకరమైన సలహా ఎదురవుతుంది: డిస్క్‌ను డైనమిక్ డిస్క్‌గా, అంటే విడివిడి ముక్కలను ఒకే డ్రైవ్‌గా చూపగల ఏర్పాటుగా, మార్చమంటారా అని అడుగుతుంది. దానికి ఒప్పుకోకండి. ఆ ఏర్పాటును మైక్రోసాఫ్టే పాతబడినదిగా ప్రకటించింది, పైగా డిస్క్ మేనేజ్‌మెంట్‌తో దాన్ని మళ్లీ మామూలు (బేసిక్) డిస్క్‌గా మార్చాలంటే అందులోని వాల్యూములన్నీ, అంటే డ్రైవ్‌లన్నీ, చెరిపేయవలసి వస్తుంది.

ఎంబీఆర్ అనే పాత పద్ధతి పార్టిషన్ టేబుల్ ఉన్న డిస్క్‌లలో ఇంకొక మెలిక ఉంది. అక్కడ ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి కుదరవు కనుక, మిగిలినవాటిని ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పార్టిషన్ లోపల లాజికల్ డ్రైవ్‌లుగా పెడతారు. లాజికల్ డ్రైవ్‌ను తొలగిస్తే వచ్చేది నల్లపట్టీ ఉన్న అన్‌అలొకేటెడ్ చోటు కాదు, ఆకుపచ్చ పట్టీ ఉన్న ఫ్రీ స్పేస్. అది ఇంకా ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ సొత్తే. ఆ పార్టిషన్‌ను తొలగిస్తేనో, కుదిస్తేనో తప్ప అది సి డ్రైవ్‌కు దక్కదు. తొలగించడం డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వచ్చు, కుదించడం రాదు; జీపార్టెడ్‌కు రెండూ వచ్చు.

నా డిస్క్ ఎంబీఆర్ తరువాత వచ్చిన జీపీటీ పద్ధతిది. సి డ్రైవ్ 150 జీబీ, దాని వెనుక 1 జీబీ లోపు రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే సాధనాలు ఉండేది), ఆపైన 550 జీబీ డి డ్రైవ్, చిట్టచివర లినక్స్ వదిలివెళ్లిన 230 జీబీ. చోటు అంతా డిస్క్ చివర, అవసరమంతా డిస్క్ మొదట్లో. మధ్యలోని రెండు పార్టిషన్లను కుడివైపుకు జరపాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌కు చేతకానిది సరిగ్గా ఈ జరపడమే, జీపార్టెడ్‌కు పేరు తెచ్చిందీ అదే.

జీపార్టెడ్ విండోస్ లోపల నడవదు. దాని లైవ్ ఇమేజ్‌ను (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే రూపాన్ని) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ను దానితో బూట్ చేయాలి. కొత్తవారికి ఇది ఇబ్బందే అయినా, నడుస్తున్న సిస్టమ్‌ను ముట్టుకోకుండా బయటనుంచి పనిచేయడం వల్ల కలిగే లాభం ముందు ఆ శ్రమ చిన్నది. పేజ్‌ఫైల్ (మెమరీకి తోడుగా విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్) లాంటి కదలని ఫైళ్లు అడ్డు వచ్చి విండోస్ కుదించలేని డ్రైవ్‌ను కూడా ఇది తరచుగా కుదించగలదు. తెర మీద డిస్క్ మొత్తం ఒక పట్టీలా కనిపిస్తుంది, ప్రతి పార్టిషన్‌లో వాడిన మేర లేత పసుపు రంగులో ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం దీని ఓపిక: మీరు చెప్పిన మార్పులన్నీ కింద వరుసగా రాసుకుంటుందే తప్ప, అప్లై నొక్కేదాకా డిస్క్ మీద ఒక్క అక్షరం మార్చదు. నేను రెండుసార్లు మొత్తం వరుస రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టాను.

జరపడం మాత్రం తేలిక పని కాదు. పార్టిషన్‌ను జరపడమంటే అందులోని ఖాళీతో సహా మొత్తం విస్తీర్ణాన్ని కొత్త చోటికి నకలు చేయడం. అందుకని ముందు డి డ్రైవ్‌ను 350 జీబీకి కుదించి, ఆపైన డిస్క్ చివరికి జరిపాను. నకలు చేయవలసిన మేర 200 జీబీ తగ్గింది, ఆ 200 కూడా సి డ్రైవ్‌కే చేరింది. అలా సి డ్రైవ్ 580 జీబీ అయింది. నాది తిరిగే రకం డిస్క్ కావడంతో మూడున్నర గంటలు పట్టింది. మధ్యలో కరెంటు పోతే జరుగుతున్న పార్టిషన్‌లోని డేటాకు భరోసా లేదు. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉంచాలి, అంతకంటే ముందు విలువైన ఫైళ్లను మరో డిస్క్‌లోకి నకలు తీసుకోవాలి. జీపార్టెడ్ కూడా హెచ్చరిస్తుంది గానీ, ప్రతిసారీ ఒకే మాట చూసే కన్ను దాన్ని దాటేస్తుంది.

ముందస్తు పనులు చేయకపోతే అది మొదటి అడుగులోనే మొరాయిస్తుంది. విండోస్‌ను త్వరగా తెరిపించే ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ సగం నిద్రలోనే ఉంటుంది, అలాంటి డ్రైవ్‌ను కుదించడానికి జీపార్టెడ్ నిరాకరిస్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా మూతపడుతుంది. విండోస్‌లోని బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసిన డ్రైవ్ పరిమాణాన్ని జీపార్టెడ్ అసలు మార్చలేదు, ముందు ఆ ఎన్‌క్రిప్షన్ తీసేయాలి. రికవరీ పార్టిషన్‌ను జరిపేముందు విండోస్‌లో రీఏజెంట్‌సీ ఆదేశంతో రికవరీని ఆపి, పని ముగిశాక మళ్లీ ప్రారంభించాలి. ఈ చివరి విషయాన్ని జీపార్టెడ్ ఎక్కడా గుర్తుచేయదు, దాని పని పార్టిషన్ల వరకే.

లోపాలూ చెప్పాలి. పరిమాణాలన్నీ మెబీబైట్లలోనే (విండోస్ చూపే ఒక జీబీకి 1,024 చొప్పున) ఇవ్వాలి. 350 జీబీ కావాలంటే 3,58,400 అని మనమే లెక్కవేసుకోవాలి. లినక్స్ తొలగించాక మిగిలే బూట్ మెనూ గురించి కూడా ఇది పట్టించుకోదు. పాత బయోస్ కంప్యూటర్లలో లినక్స్ పార్టిషన్ పోగానే గ్రబ్ రెస్క్యూ అనే నల్లతెర (లినక్స్ బూట్ మెనూ తన ఫైళ్లు దొరక్క ఆగిపోయే చోటు) ఎదురుకావచ్చు, అప్పుడు విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ భాగాన్ని సరిచేసుకోవాలి.

పొరపాటున వేరే పార్టిషన్‌ను తొలగించినవారు మాత్రం జీపార్టెడ్ జోలికి పోకూడదు. ఆ ఖాళీలో కొత్తది సృష్టించకుండా, ఫార్మాట్ చేయకుండా అక్కడికక్కడే ఆగి, పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ వాడాలి. పద్దు మాత్రమే పోయి డేటా చెదరకుండా ఉంటే పార్టిషన్‌ను అది యథాతథంగా తిరిగి రాయగలదు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ ఆదేశం (ఈ చోటు ఇక అక్కర్లేదు, చెరిపేయవచ్చు అని డిస్క్‌కు చెప్పేది) వెళ్లిపోయి ఉంటే ఆ ఆశ బాగా సన్నగిల్లుతుంది.

సి డ్రైవ్‌నే పెంచాలన్న పట్టుదల లేనివారికి ఇంత ప్రయాస అక్కర్లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ ఖాళీ చోటుపై కొత్త వాల్యూమ్ సృష్టించి, దానికి అక్షరం ఇవ్వకుండా సి డ్రైవ్‌లోని ఒక ఖాళీ ఫోల్డర్‌కు తగిలిస్తే చాలు. వీడియోలు, ఫొటోలు ఆ ఫోల్డర్‌లో పెడితే కొత్త పార్టిషన్‌లోకి వెళ్తాయి. నేను ఈ దారి పట్టకపోవడానికి కారణం ఒక్కటే: నా సి డ్రైవ్‌ను నింపింది ఫొటోలు కాదు, వేరే చోటికి మారడానికి ఒప్పుకోని ప్రోగ్రాములు.