మూడున్నరేళ్ళు, 68 వేల కిలోమీటర్లు: మా క్యాంపర్ వ్యాన్ గురించి ఉన్నది ఉన్నట్టు

2022 జనవరిలో రాజమండ్రి నుంచి బయల్దేరాం నేనూ మా ఆయనా. మధ్యలో పండగలకి, అమ్మాయి పురుడికి ఇంటికొచ్చి ఉండిపోయిన నెలలు తీసేస్తే వ్యాన్‌లో పడుకున్న రాత్రులు ఇప్పటికి 640 దాటాయి, నా డైరీలో లెక్క ఉంది. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు కూడా ఎలా ఉంది, మేమూ చేయించుకోవచ్చా అని అడుగుతూనే ఉన్నారు, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాస్తున్నా. కొన్న కొత్తలో రాసి ఉంటే మంచం గురించీ కిటికీలోంచి కనిపించే కొండల గురించీ రాసేదాన్ని. ఇప్పుడు ఎక్కువ రాసేది బ్యాటరీ గురించి, నీళ్ళ గురించి, చలి గురించి.

బండి సెకండ్ హ్యాండ్. ఆఫీసు స్టాఫ్‌ని తిప్పిన పొడుగు వ్యాన్, హై రూఫ్, 2018 మోడల్, పొగ నిబంధనల్లో పాత తరం బీఎస్ 4 డీజిల్. బండికి తొమ్మిది లక్షలు, లోపల పనికి ఎనిమిదిన్నర అయింది. కావాలనే పాతది తీసుకున్నాం, ఎందుకంటే కొత్త బీఎస్ 6 డీజిల్ బళ్ళలో చాలావాటికి పొగ శుభ్రం చెయ్యడానికి డెఫ్ అని ఇంకో ద్రవం పొయ్యాలి, అది మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, దాన్ని కరిగించే హీటర్ వాటిలో ఉంటుంది కానీ ఊరు లేని చోట అది పాడైతే మాకు దిక్కు లేదు అనిపించింది. దీనికి నష్టం కూడా ఉంది, చలికాలంలో ఢిల్లీ గాలి బాగా పాడైనప్పుడు పెట్టే ఆంక్షల్లో బీఎస్ 4 డీజిల్ బళ్ళని ఆపేస్తారు, అందుకని నవంబర్ నుంచి మేం ఢిల్లీ వైపు పోకుండా చుట్టూ తిరిగి వెళ్తాం. మైలేజీ మైదానాల్లో లీటరుకి తొమ్మిదిన్నర, కొండల్లో ఆరున్నర.

నేను పాతికేళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను కాబట్టి కరెంటు డిజైన్ అంతా నాదే. 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పైన 200 వాట్లవి రెండు సోలార్ ప్యానెళ్ళు, బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ నుంచి ఎక్కించే ఒక డీసీ డీసీ చార్జర్. చిన్న ఫ్రిజ్, లైట్లు, ఫ్యాను, నీళ్ళ పంపు, ఫోన్లకి ఇది బాగా సరిపోతుంది. అయితే మొదటి డిజైన్‌లో నేను చేసిన పెద్ద తప్పు, లోపల చోటు కలిసొస్తుందని బ్యాటరీని బండి కింద బయటి పెట్టెలో పెట్టించడం. 2023 అక్టోబర్‌లో లద్దాఖ్‌లోని హన్లేలో తెలిసొచ్చింది. రాత్రి మా థర్మామీటర్ మైనస్ 12 చూపించింది, పొద్దున్నే ఎండ ఫెళ్ళున కాస్తోంది, ప్యానెళ్ళు బాగానే ఉన్నాయి, చార్జింగ్ మాత్రం సున్నా. ఈ రకం లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చెయ్యకూడదు, చేస్తే లిథియం ఎలక్ట్రోడ్ లోపలికి వెళ్ళకుండా పైన పూతలా పేరుకుపోయి సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది, అందుకే లోపలున్న కంట్రోల్ సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది. అది చెయ్యాల్సిన పని అది చేసింది, పెట్టిన చోటే తప్పు. మధ్యాహ్నం పన్నెండు దాటాక పెట్టె వేడెక్కి చార్జింగ్ మొదలైంది, మూడున్నరకల్లా ఎండ కొండ వెనక్కి పోయింది. అలా నాలుగు రోజులు ఫ్రిజ్ ఆపేసి గడిపాం. తిరిగొచ్చాక బ్యాటరీ మంచం కిందకి, లోపలికి మార్పించాం. మీరు చేయించుకుంటుంటే ఈ ఒక్కటీ మొదట్లోనే చూసుకోండి.

ఇదంతా చెప్పాక కూడా హన్లే వెళ్ళొద్దు అనను. ఊరు 4,300 మీటర్ల దగ్గర ఉంటుంది, పైన కొండమీద మన ఇండియన్ అస్ట్రనామికల్ అబ్జర్వేటరీ, అందులో రెండు మీటర్ల అద్దం ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్. మేం వెళ్ళిన ముందటేడే ఆ చుట్టుపక్కలని డార్క్ స్కై రిజర్వ్ చేశారు, అంటే రాత్రిపూట వెలుతురు బయటికి రాకూడదు. మేం కిటికీలకి మందపాటి నల్ల కర్టెన్లు కుట్టించుకున్నాం, లోపల ఎర్ర బల్బు ఒక్కటే. ఊళ్ళోవాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి టెలిస్కోపులు ఇచ్చారు, ఒకమ్మాయి మాకు శని గ్రహం చూపించింది. పాతికేళ్ళు బోర్డు మీద గీసి చెప్పిన వలయాలు అవి, కంటితో అంత స్పష్టంగా చూడటం నాకదే మొదటిసారి. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు నేను.

వంట సంగతికొస్తే, మా వ్యాన్‌లో వంట మా ఆయనదే. అంత ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. కుక్కర్ ఉండి తీరాలి, అదీ మన ఊళ్ళో లెక్క పనికిరాదు, కింద ఊళ్ళల్లో కుక్కర్ లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది, అక్కడ 113 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే వెయిట్ కలిపే ఒత్తిడి అంతే ఉన్నా బయట గాలి ఒత్తిడి బాగా తక్కువ కదా. మాకు నాలుగు కూతలకి బదులు ఏడు పట్టేవి. గ్యాస్ ఇంకో సమస్య, సిలిండర్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకొస్తే ఆవిరి అవ్వదు, పొద్దున్నే స్టవ్ వెలిగిస్తే మంట చిటికెన వేలంత వస్తుంది. కాఫీ కోసం సిలిండర్‌ని వేడి చెయ్యడం లాంటివి ఎవరైనా చెప్తే అస్సలు చెయ్యకండి. మేం చేసింది వంట మొత్తం మధ్యాహ్నం చేసుకుని రాత్రికి హాట్‌ప్యాక్‌లో పెట్టుకోవడం, పొద్దుటి కాఫీకి నీళ్ళు రాత్రే ఫ్లాస్కులో పోసుకోవడం.

డీజిల్ హీటర్ రెండు కిలోవాట్లది, బండి ట్యాంకులోంచే తాగుతుంది. కింద ఊళ్ళల్లో అద్భుతంగా పనిచేస్తుంది, కానీ ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ తగ్గి డీజిల్ సరిగ్గా కాలక లోపల మసి పట్టేస్తుంది, ఎత్తుని బట్టి డీజిల్ తగ్గించే సెట్టింగ్ ఉన్నది తీసుకోవాలి, మాది ఆ సెట్టింగ్ లేనిది. రెండుసార్లు విప్పి శుభ్రం చేయించాం. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా హీటర్ వేసుకుని పడుకోవద్దు, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఇంకో మాట, ఇద్దరం తలుపులేసుకుని పడుకుంటే మా ఊపిరి ఆవిరే పొద్దున్నకి కిటికీల మీద మంచులా గడ్డకట్టి, ఎండొచ్చాక కరిగి పరుపు మీద కారేది. ఎంత చలైనా పైన వెంట్ రెండు వేళ్ళంత తెరిచి ఉంచాలని నేర్చుకున్నాం.

ఇప్పుడు మనాలీ నుంచి లేహ్ వెళ్ళే దారిలో సర్చు అనే చోట గడిపిన రాత్రి గురించి చెప్పాలి. 2022 జూన్, లద్దాఖ్ మొదటిసారి. అటల్ టన్నెల్ వచ్చాక మనాలీ నుంచి అవతలికి ఇట్టే వెళ్ళిపోవచ్చు, ఆ తొమ్మిది కిలోమీటర్లు దాటాక జిస్పాలో ఒక రాత్రి పడుకుని, రెండో రోజు బారాలాచా లా అనే కనుమ ఎక్కి దిగి సర్చులో ఆగాం. 4,300 మీటర్లు, ఒంటికి అలవాటు కాకుండానే అంత ఎత్తు. బండి సుఖంగా ఉంది కాబట్టి మనం కూడా బాగానే ఉన్నాం అనిపిస్తుంది, అదే ప్రమాదం. రాత్రి పదకొండుకి మా ఆయనకి తలనొప్పి, వాంతులు, ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 71 శాతం. ఆయనకి బీపీ కూడా ఉంది. మేం కొనుక్కెళ్ళిన ఆక్సిజన్ డబ్బాలు రెండూ కొద్ది నిమిషాల్లో అయిపోయాయి. సర్చులో ఉన్న చిక్కేంటంటే అక్కణ్ణించి కిందకి దిగాలన్నా ముందు పైకి ఎక్కాలి, మనాలీ వైపు బారాలాచా, లేహ్ వైపు ఇంకా ఎత్తైన కనుమలు. చీకట్లో నాలాలు, అంటే రోడ్డుకి అడ్డంగా పారే కొండవాగులు, దాటడం భయం. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి రాత్రంతా మాట్లాడిస్తూనే ఉన్నాను, నిద్రపోతే ఊపిరి ఇంకా తగ్గుతుందని భయం. నాలుగున్నరకి వెలుగు రాగానే నేను స్టీరింగ్ తీసుకున్నా. జిస్పాకి దిగేసరికి ఆయన టీ అడిగారు. ఎనభై కిలోమీటర్లు ఎలా నడిపానో నాకిప్పటికీ గుర్తు రాదు. కీలాంగ్‌లో డాక్టర్‌కి చూపించి, నాలుగు రోజులు అక్కడే ఉండి, మళ్ళీ మెల్లగా వెళ్ళాం, ఈసారి సర్చులో ఆగకుండా. అప్పట్నించి మా పద్ధతి మారిపోయింది. హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్ళాలన్నా మనాలీ వైపు నుంచి కాకుండా సిమ్లా, కిన్నౌర్, నాకో, తాబో మీదుగా వెళ్తాం, ఎత్తు కొద్దికొద్దిగా పెరుగుతుంది, పైగా తాబోలో 996లో కట్టిన బౌద్ధ మఠం దగ్గర నాలుగు రోజులు ఊరికే కూర్చోవచ్చు. లద్దాఖ్‌లో హన్లే అవతల బండి వెళ్ళే కనుమ ఉమ్లింగ్ లా 19,024 అడుగులు, అంత దూరం వెళ్ళి అదెందుకు మానేశారు అని చాలామంది అడిగారు. మాకు అక్కర్లేదు అనిపించింది, అంతే.

వ్యాన్ అసలు విలువ నాకు తెలిసింది స్పితి నుంచి ఛత్రు వైపు దిగుతున్నప్పుడు. మధ్యాహ్నం రెండుకి ఒక నాలా దగ్గరకొచ్చాం, నీళ్ళు బురద రంగులో బండరాళ్ళని దొర్లిస్తూ వస్తున్నాయి. ఎండకి పైన హిమం కరిగి మధ్యాహ్నానికి నాలా పొంగుతుంది, రాత్రి చలికి తగ్గుతుంది. వెనక కార్లు వచ్చి ఆగుతున్నాయి, వాళ్ళకి రాత్రికి ఎక్కడో హోటల్ బుక్ అయి ఉంది, దాటెయ్యాలని కంగారు. ఒక కారు సగంలో ఇరుక్కుంటే తాడు కట్టి లాగారు. మా ఆయన నాలా వైపు చూసి "మన ఇల్లు మన దగ్గరే ఉందిగా, పొద్దున్న చూద్దాంలే" అన్నారు. బండి ఒడ్డుకి దూరంగా, ఎత్తులో పెట్టుకుని ఉప్మా చేసుకున్నాం, కారులో చిక్కుకున్న కుర్రాళ్ళ ముగ్గురికీ పెట్టాం. మర్నాడు ఆరింటికి అదే నాలా మోకాలి కింద ఉంది. అరుణాచల్‌లో హాయులియాంగ్ దాటాక కొండచరియ పడి రెండు రోజులు రోడ్డు మూసినప్పుడూ అంతే, పుస్తకాలు చదువుకుంటూ ఉన్నాం. ఇలా ఆగగలగడానికే ఈ డబ్బు పెట్టాం అని నేను అనుకుంటాను, వేగంగా తిరగాలంటే కారూ హోటలూ మేలు, ఖర్చు కూడా తక్కువే అవుతుంది.

అరుణాచల్ తూర్పు చివర ఉన్న వాలాంగ్ గురించి ఒక ముచ్చట చెప్పి తీరాలి. 2024 డిసెంబర్, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోయింది. మన దేశం టైము లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ పక్కనుంచే పోతుంది, వాలాంగ్ 97 డిగ్రీల దగ్గర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు గంట ముందే అక్కడ సూర్యుడు పొడుస్తాడు, గంట ముందే వెళ్ళిపోతాడు. లోయ ఇరుకు కాబట్టి సోలార్ రెండున్నరకే ఆగిపోయేది. 1962 యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం దగ్గర నిలబడి ఉంటే ఒక జవాను మా నంబర్ ప్లేట్ చూసి "ఏ ఊరండీ మీది" అన్నాడు. శ్రీకాకుళం కుర్రాడు. ఏడు నెలలైందట ఇంటికెళ్ళి. నా దగ్గరున్న కందిపొడి సీసా ఇచ్చేశాను, ఆ అబ్బాయి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

మిగతావి గబగబా చెప్తాను. నీళ్ళ ట్యాంకు 110 లీటర్లు, ఇద్దరికీ ఆరు రోజులొస్తుంది, స్నానం మగ్గుతో చేస్తేనే. ఇంకో 40 ఉంటే బాగుండేది. కచ్‌లో ధోలావీరా చూసినప్పుడు, రెండు వానాకాలపు వాగుల మధ్య కూర్చుని అంతంత చెరువులు తొలిచి నీళ్ళు దాచుకున్న ఆ హరప్పా ఊరివాళ్ళ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. కచ్ ఉప్పు మాత్రం బండికి శత్రువు, అక్కడి ఉప్పు ఎడారి రాన్ మీద తిరిగొచ్చాక అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించకపోవడం వల్ల మాకు ఏడాదిలో రెండు చోట్ల తుప్పు తినేసింది. లోపల ప్లైవుడ్ మరీ మందంగా వేశారు, బరువు అనవసరంగా పెరిగింది. వెనక చక్రాల వెనకున్న పొడుగు వల్ల నాలాలు దిగేటప్పుడు తోక తగులుతుంది. ప్యానెళ్ళతో కలిపి ఎత్తు మూడు మీటర్లు దాటింది, రైలు వంతెనల కింద దిగి చూసుకోవాల్సిందే. పోర్టబుల్ టాయిలెట్ గురించి ఆడవాళ్ళెవరైనా సందేహిస్తుంటే సందేహించకండి, నేను ఇన్నాళ్ళు తిరగగలిగానంటే సగం దానివల్లే. లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు, ఒక పోస్ట్‌పెయిడ్ ఉంచుకోండి. అరుణాచల్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, ప్రింట్లు నాలుగైదు దగ్గర పెట్టుకోండి.

మళ్ళీ చేయించుకుంటారా అంటే చేయించుకుంటాం, ఇదే సైజు, బ్యాటరీ లోపల, నీళ్ళు 150, హీటర్ మంచిది, చెక్క సగం. చేయించే ముందు ఎక్కడైనా అద్దెకి దొరికితే మీ ఇద్దరూ కలిసి నాలుగు రాత్రులు పడుకుని చూడండి, అందులో ఒక్కటైనా వాన పడే రాత్రి అయ్యేలా చూసుకోండి. మాది ప్రస్తుతం మెకానిక్ దగ్గర ఉంది, తుప్పు పట్టిన చోట రేకు మారుస్తున్నారు, దసరా దాటాక మళ్ళీ తాబో వైపు బయల్దేరతాం.